రెండు మూరల అవతల మా కొండ

దసరా సెలవులకు ఊరెళ్తే మా అమ్మాయి బట్టల సంచీతోపాటు ఓ సమస్య కూడా వెంట తెచ్చింది. భూమి పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా జీవులు ఎలా వచ్చాయో చార్టు గీసుకురమ్మన్నారట బడిలో. భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలని చదివి, 'నాన్నా, కోటికో సెంటీమీటరు వేద్దామా?' అంది. సరేనన్నాను. అదే నేను చేసిన పొరపాటు. నాలుగున్నర మీటర్ల కాగితం కావాలి!

పాత క్యాలెండర్లు చించి, తెల్లటి వైపు పైకి పెట్టి, అన్నం మెతుకులతో ఒకదానికొకటి అంటించి వీధి అరుగు మీద పరిచాం. ఆ చివర కూర్చున్న నాన్న కాళ్లు ముడుచుకుని చోటిచ్చారు.

మాది టెక్కలి దగ్గర పల్లె. నీలి గ్రానైటుకు పేరున్న ప్రాంతం. నాన్న ఇరవై ఏళ్లు క్వారీలో డ్రిల్లు పట్టారు. ఆ మోతకు చెవులు పోయాయి. చెవులకు పెట్టుకోవడానికి ఆ రోజుల్లో ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆయనా అడగలేదు. ఇప్పుడు మనవరాలు ఏం చెప్పాలన్నా అరిచి చెప్పాల్సిందే.

చార్టు మొదలైంది. మొదటి అరమీటరు హేడియన్. భూమి కుతకుతలాడుతున్న కాలం. బొమ్మ వేయడానికి ఏమీ లేదు. మీటరు దాటాక, అంటే సుమారు 350 కోట్ల ఏళ్ల కిందట, ఏకకణజీవుల జాడలు స్పష్టంగా దొరుకుతాయి. పెన్సిలుతో చుక్కలు పెట్టింది. అక్కణ్నుంచి చుక్కలే చుక్కలు. 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలైంది. అయినా చుక్కలే. దాదాపు మూడు మీటర్లు అలా పెట్టి, 'నాన్నా, చేతులు నొప్పెడుతున్నాయి. చేపలెప్పుడొస్తాయి?' అని అడిగింది.

చివరి 54 సెంటీమీటర్ల దగ్గర గీత గీయాలి. టేపు కోసం వెతుకుతుంటే నాన్న ముందుకు వంగి, కాగితం కొస మీద మోచేయి ఆనించి చేయి చాపారు. ఓ మూర, దాని మీద నాలుగు వేళ్లు. సరిగ్గా మూరెడు, బెత్తెడు. కంటికి కనిపించే జీవుల కథంతా అందులోనే. చేపలు, చెట్లు, కప్పలు, బల్లులు అన్నీ ఆ మూరెడులోకే తోసుకొచ్చాయి. చివర నుంచి జానెడు దూరంలో డైనోసార్లు పుట్టాయి. బెత్తెడు దూరంలో, 6.6 కోట్ల ఏళ్ల కిందట, పోయాయి. మెక్సికో దగ్గర పెద్ద ఉల్క పడిందప్పుడే. దక్కనులో లావా పొంగి రాజమండ్రి దాకా పారిందీ దాదాపు ఆ రోజుల్లోనే. ఇక మనిషి... మూడు లక్షల ఏళ్లంటే ఈ లెక్కన పెన్సిల్ గీత మందం కూడా కష్టమే.

పేర్ల దగ్గర మళ్లీ గొడవ. కేంబ్రియన్, డెవోనియన్, పెర్మియన్, జురాసిక్... 'ఇవన్నీ ఎవరు పెట్టారు?' అని విసుక్కుంది. మన ఇంటిపేర్లలాగే చాలావరకు ఊళ్ల పేర్లేనని చెప్పాను. వేల్స్‌కు లాటిన్ పేరు కేంబ్రియా. డెవన్ ఇంగ్లండ్‌లో ఉంది, పెర్మ్ రష్యాలో. జురా పర్వతాలది ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దు. ఏ ప్రాంతపు రాళ్లను ముందు చదివితే ఆ పేరు పెట్టేశారు. ముక్కలు సమానంగా ఉండవు. రాతిలో ఒక రకం జీవుల గుర్తులు ఆగి, మరో రకం మొదలైన చోట గీత గీశారు. పెర్మియన్ చివర, 25.2 కోట్ల ఏళ్ల కిందట, సముద్రజీవుల్లో నూటికి తొంభై జాతుల దాకా పోయాయి. అందుకే అక్కడ పెద్ద గీత. పేర్లన్నీ చివరి మూరెడులోనే కిక్కిరిసి ఉన్నాయంటే కారణం అదే. అంతకుముందు గుర్తులు బహు తక్కువ.

పురోహితుడు సంకల్పం చెప్పేటప్పుడు కల్పం, మన్వంతరం, యుగం, పాదం అంటూ పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి దిగుతాడు కదా. శాస్త్రజ్ఞుల చిరునామా కూడా అంతే. మనం ఉన్నది ఫెనరొజోయిక్‌లో, సీనొజోయిక్‌లో, క్వాటర్నరీలో, హోలోసీన్‌లో. ఆ చివరి ముక్క పేరు మేఘాలయన్. 4,200 ఏళ్ల కిందట మొదలైంది. మేఘాలయలోని ఓ గుహలో నేల మీంచి పెరిగిన సున్నపు దిమ్మె ఆధారంగా 2018లో ఖరారు చేశారు. మన దేశపు పేరూ ఒకటి ఆ పట్టికకెక్కింది!

అప్పుడడిగింది అసలు ప్రశ్న. 'తాతా! మన కొండలో డైనోసార్ ఎముకలున్నాయా?'

రెండోసారి అరిచాక ఆయనకు వినబడింది. 'నేదు గుంటా. ఇరవయ్యేళ్లు కోసినాను. ఒక్క నత్తగుల్ల కూడా అగుపడనేదు.'

ఎందుకు లేవో పత్రికలో పనిచేసే నాకు తెలిసుండాలి. తెలియదు. ఆ రాత్రి చదివితే అర్థమైంది, నాన్న చెప్పింది అక్షరాలా నిజమని. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్. కోంధు గిరిజనుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ ఆ పేరు పెట్టారు. అది ఒకనాటి సముద్రపు బురద, ఇసుక. భూమి లోపల పాతిక ముప్పై కిలోమీటర్ల లోతుకు దిగి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడిలో, సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట ఉడికి రాయైంది. మా నీలి గ్రానైటూ ఆ పొయ్యిలోంచి వచ్చిందే. ఆ బురద పేరుకున్ననాడు ఎముకా గుల్లా ఉన్న ప్రాణే లేదు. ఆనాటి సూక్ష్మజీవుల్లోని కార్బన్ మాత్రం కొన్ని రాళ్లలో గ్రాఫైటుగా మిగిలిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. గ్రాఫైటంటే పెన్సిల్ ముల్లే. చుక్కలు పెట్టిన పెన్సిల్!

మరి డైనోసార్ల కాలంలో ఇక్కడేముంది? నేల ఉంది. కానీ అరుగుతున్న నేల. బురద పేరుకునే పల్లం ఉంటేనే ఎముకలు దాగుతాయి. గోదావరి లోయలో అలాంటి పల్లం ఉంది కాబట్టే ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో కోటసారస్ దొరికింది. 1988లో పి. యాదగిరి దానికి పేరు పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో ఉంది. మనకా పల్లం లేదు. సముద్రమూ లేదు. మన తీరానికి ఆనుకుని అంటార్కిటికా ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అది విడిపోయి దూరం జరిగాక మధ్యలోకి నీళ్లొచ్చాయి. ఇక్కడి రాళ్ల తోబుట్టువులు ఇప్పటికీ అక్కడ మంచు కింద ఉన్నాయి. కొండలు అరిగిన పొడి తీరానికి చేరింది. కళింగపట్నం, భావనపాడు ఇసుకలో కనిపించే ఎర్రటి చారలు ఖొండలైట్‌లోని గార్నెట్ రేణువులే.

పొద్దున చెబితే అమ్మాయి ముఖం చిన్నబోయింది. 'అయితే మన జిల్లాకు చార్టులో చోటు లేదా?' నాన్న ఏమనుకున్నారో, లేచొచ్చి కాగితం చివర నుంచి రెండు మూరలు కొలిచారు. దానికి ఇంకో నాలుగు వేళ్లు కలిపితే వంద కోట్లు. అక్కడ చుక్కల మధ్య తన చేత్తో ఓ కొండ గీశారు. సగం కొండే. మిగతా సగం కోసేసిన అంచు నిట్టనిలువుగా దించి, 'ఇప్పుడిలగుంది' అన్నారు.

నాకేం మాట్లాడాలో తోచలేదు. విజయనగరంలో మా వంటింటి గట్టు ఆ రాయే. ఆయనే ఏరి పంపారు.

ఆ సాయంత్రం ముగ్గురం తేలినీలాపురం వెళ్లాం. చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రమూతి కొంగలు. మా పత్రికలవాళ్లం ఏటా సైబీరియా అతిథులని రాసేస్తుంటాం గానీ, ఈ రెండూ మన దేశంలోనే తిరిగే పక్షులు. డైనోసార్లలో ఒక చిన్న కొమ్మ బెత్తెడు దగ్గర ఆగకుండా పక్షులుగా ముందుకొచ్చిందని అమ్మాయికి చెప్పాను. 'మరి ముందే చెప్పొచ్చుగా!' అని కోప్పడింది. తలెత్తి చాలాసేపు చూసి, తాత చెవి దగ్గరకు వంగి అరిచింది.

'తాతా! అవి డైనోసార్లంట!'

ఆ అరుపుకు ఓ కొమ్మ మీది కొంగలన్నీ లేచాయి. నాన్న తల పైకెత్తి, 'రెక్కల సప్పుడు ఇనబడింది' అన్నారు.