సంచిలో రెండు రాళ్లు



మన పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు గనుక ఆ దేశం కోసం ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మోకరిస్తున్నాం. మోకరిస్తూనే ఒక పార్టీ వైపు వాలిపోయాం.

2016లో హిల్లరీ క్లింటన్ సొంత సర్వర్ ఈమెయిళ్లలో, 110 మెయిళ్లలో, ప్రభుత్వ రహస్యాలున్నాయని ఎఫ్‌బీఐ డైరెక్టర్ చెప్పాడు. ఆమెను జైల్లో వేయాలని అక్కడ సభల్లో అరిస్తే ఇక్కడ మనం ఆమేన్ అన్నాం. 2022 ఆగస్టులో ట్రంప్ గారి మార్-ఎ-లాగోలో వందకు పైగా రహస్య పత్రాలు దొరికితే, "కాగితాలే కదా" అన్నాం. బైడెన్ గారి గ్యారేజీలోనూ అలాంటివే బయటపడ్డాయి. అవతలి పార్టీ గొంతు తగ్గింది, మనకు మళ్లీ గొంతు వచ్చింది! ఇవన్నీ ఒక్కలాంటివని చెప్పడం లేదు. బైడెన్ మనుషులు దొరికినవి తామే అప్పగించారు. ట్రంప్ గారు అడిగినా దాచారని అభియోగం. 2024లో కోర్టు ఆ కేసు కొట్టేసింది. మనం అంత దూరం ఆలోచించామా? పేరు వినగానే తీర్పు చెప్పేశాం.

2025 మార్చిలో యెమెన్ మీద దాడి వేళలు, ఒక పత్రికా సంపాదకుడున్న సిగ్నల్ గ్రూపులోనే పెట్టారు. మన వాట్సాప్ గ్రూపులో ఒక్కరూ నోరు మెదపలేదు.

పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి సంచిలో ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండం 25లో ఉంది. ధాన్యం కాటా దగ్గర ఆ మోసం జరిగితే మనం ఊరుకుంటామా?

ఈ శుక్రవారం నుంచి పార్టీ పేర్లు లేకుండా ప్రార్థిద్దామని సంఘపెద్దలతో అన్నాం. "అయితే నేను రాను అయ్యగారూ" అన్నారు ఒకరు.