రాయపూర్‌లో ఒక పాఠశాల గేటు ముందు

విశాఖపట్నంలో రాత్రి బండి ఎక్కినవారికి విజయనగరం దాటగానే కునుకు పడుతుంది. పార్వతీపురం, రాయగడ నిద్రలోనే గడచిపోతాయి. తెల్లవారేసరికి మహాసముంద్ ప్రాంతపు వరిమళ్లు, ఆ తరువాత మహానది ఇసుకతిన్నెలు కిటికీలో కనిపిస్తాయి. ఈ విజయనగరం–రాయపూర్ మార్గం 1931లో పూర్తయింది. మధ్యపరగణాల సరకును విశాఖ రేవుకు చేర్చడం దాని ముఖ్యోద్దేశ్యం. రేవు 1933లో ప్రారంభమయింది. సరకు ఇటు వచ్చిన దారినే మన ఉత్తరాంధ్ర మనుషులు అటు వెళ్లారు. కొందరు రాయపూర్ వ్యాగన్ మరమ్మతు కార్ఖానాలో చేరారు. మరికొందరు 1959లో తొలి కొలిమి వెలిగిన భిలాయికి పోయారు.

మేమిద్దరం ఈసారి వెళ్లినది యాత్రకు కాదు. మా బావమరిదికి బ్యాంకు ఉద్యోగంలో రాయపూర్ బదిలీ అయింది. అయిదవ తరగతి పూర్తిచేసిన కుమార్తెను అక్కడ ఒక క్రైస్తవ మఠంవారి పాఠశాలలో చేర్చాలా, వద్దా అని భార్యాభర్తలు నెలరోజులుగా తర్జనభర్జన పడుతున్నారు. “బావగారూ, మీరొకసారి వచ్చి చూసి చెప్పండి” అని అతడు ఫోను చేశాడు. ఇనుము నాణ్యత చెప్పమంటే చెప్పగలము గాని, బడి నాణ్యత చెప్పడం మా వృత్తి కాదు. అయినా బయలుదేరాము.

రాయపూర్ ఇప్పుడు రాజధాని. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఊరు నలువైపులా పెరిగింది. జయస్తంభ్ చౌక్ నుండి శారదా చౌక్ వరకు నడవడమే ఒక సాహసం. బూఢా తాలాబ్ చెరువు మాత్రం ఇంకా ప్రశాంతంగానే ఉంది. చెరువు నడుమ వివేకానందుని విగ్రహం ఉన్నది. 1877లో పద్నాలుగేళ్ల నరేంద్రనాథుడు కుటుంబంతో ఈ ఊరికి వచ్చి రెండేళ్లు ఉన్నాడు. అప్పుడు రాయపూర్‌లో తగిన బడి లేక తండ్రియే ఇంటివద్ద చదువు చెప్పినట్లు జీవితచరిత్రకారులు వ్రాశారు. బడి వెదుక్కోవడం ఈ ఊరిలో పాత సమస్యయేనని మా శ్రీమతి నవ్వింది.

ఈ ప్రాంతంలో క్రైస్తవ మిషన్ల చరిత్ర కూడా ఆనాటిదే. 1868లో ఆస్కార్ లోర్ అనే మతబోధకుడు వచ్చి, సత్నామీల నడుమ పనిచేస్తూ విశ్రాంపూర్‌లో స్థిరపడ్డాడు. కథోలికుల సంగతి మనవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. 1887లో నాగపూరు పీఠం వేరుపడే వరకు ఆ మధ్యదేశం విశాఖపట్నం పీఠం క్రిందనే ఉండేది. విశాఖలో 1847 నాటి సెయింట్ అలోషియస్ పాఠశాలను నడిపిన మఠంవారే అటు నాగపూరులోనూ బడి పెట్టారు. రాయపూర్ 1973లో ప్రత్యేక పీఠమై, 2004లో అగ్రపీఠమయింది. నేడు బైరన్ బజారులోని హోలీ క్రాస్ మొదలుకొని సెయింట్ పాల్స్, సేలం వంటి పేర్లు ఆ ఊరిలో ప్రతి తల్లికీ తెలుసు. మేము చూడబోయిన బడి పేరు ఇక్కడ వ్రాయడం లేదు. విన్నవన్నీ మనుషుల అభిప్రాయాలు. అందులో మెచ్చుకోలుతోపాటు నిష్ఠూరమూ ఉన్నది.

మధ్యాహ్నం బడి విడిచే వేళకు అరగంట ముందే గేటు వద్దకు చేరాము. వేపచెట్టు నీడన తల్లులు, తాతలు, ఆటోలవారు గుమిగూడి ఉన్నారు. పక్కనే బండి మీద పోహా, జిలేబి. మా బావమరిది ఇంటి యజమానురాలు మాకు దుబాసీ. ఆమె పిల్లలిద్దరూ అక్కడే చదువుతున్నారు. “సిస్టర్‌కు రెండువేల మంది పిల్లల్లో నా పిల్లవాడి పేరు తెలుసు. కాని నేను మాట్లాడాలంటే నెలకొక శనివారం దాకా ఆగాలి. పుస్తకాలు వారు చెప్పిన దుకాణంలోనే కొనాలి” అన్నది. ఫిర్యాదు చేస్తూనే, బడి మార్చే ఆలోచన ఉన్నదా అని అడిగితే, అడగకూడనిది అడిగినట్లు చూసింది.

ఒక ఆటో సోదరుని మాట మరో రకం. తన కూతురిని ఇక్కడ చేర్చాలని దరఖాస్తు పట్టుకుని తిరిగాడట. విద్యాహక్కు చట్టం క్రింద ప్రైవేటు బడులు పేద పిల్లలకు ఇవ్వవలసిన నాలుగోవంతు సీట్లు మైనారిటీ సంస్థలకు వర్తించవు. 2014లో సుప్రీం కోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. ఆ తీర్పు అతనికి తెలియదు, గేటు మూసి ఉండడం మాత్రం తెలుసు. ఇప్పుడు ఆ పాప, రాష్ట్ర ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన స్వామి ఆత్మానంద్ ఇంగ్లీషు పాఠశాలల్లో ఒకదానిలో చదువుతున్నది. “అక్కడ డబ్బు అడగరు సాబ్. కాని నేను రోజూ ఇక్కడి పిల్లలనే దింపుతాను” అన్నాడు. మా వద్ద జవాబు లేదు.

మరునాడు వ్యాగన్ కార్ఖానా కాలనీవైపు వెళ్లాము. అక్కడ ఒక మందుల దుకాణం నడిపే తెలుగాయన ఆ బడి పూర్వ విద్యార్థి. తండ్రి శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేశారు. ఈయన మాట తెలుగులో మొదలై హిందీలో ముగుస్తుంది. “హిందీ మాట్లాడితే రూపాయి జుర్మానా అన్నయ్యగారూ. తెలుగు మాట్లాడితే అసలు ఎవరికీ అర్థంకాదు కాబట్టి జుర్మానా లేదు” అని నవ్వాడు. మతం మార్పిడి గురించి మా శ్రీమతి మొహమాటపడుతూ అడిగింది. క్రైస్తవ పిల్లలకు బైబిలు తరగతి, మిగిలినవారికి నీతిబోధ అని, పన్నెండేళ్లు ప్రార్థన కంఠస్థం చేసి కూడా పరీక్ష రోజున ఆంజనేయుని గుడికే పోయేవాళ్లమని చెప్పాడు.

తరువాత కొంచెం ఆగి మరొక సంగతి చెప్పాడు. ఎనిమిదవ తరగతిలో ఉండగా తండ్రి జబ్బుపడి జీతం లేని సెలవుపై ఏడాదిన్నర ఉన్నారు. ఫీజు ఎలా కట్టారో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. తండ్రి పోయిన తరువాత ట్రంకుపెట్టెలో పాత రశీదులు దొరికాయి. ఆ ఏడాదిన్నరకు రశీదులే లేవు. బడికి వెళ్లి అడిగితే, నాటి ప్రధానోపాధ్యాయురాలైన సిస్టర్ అప్పటికే కేరళకు వెళ్లిపోయారు. పాత గుమాస్తా మాత్రం, “ఆమె నీ పేరు బాకీల పట్టీలో ఎక్కించవద్దన్నారు” అన్నాడట. “తరగతిలో నన్ను అందరికంటే ఎక్కువ కొట్టింది ఆవిడే” అంటూ, ఎవరో మందుచీటీతో వస్తే లేచాడు.

ఆ దుకాణం బోర్డు మీద హిందీ, ఇంగ్లీషు ఉన్నాయి. తెలుగు లేదు. తమకు తెలుగు చదవడం రాదని, తమ పిల్లలకు మాట్లాడటమూ రాదని ఆయన భార్య మామూలుగానే చెప్పింది. తిరుగు దారిలో బావమరిది మౌనంగా ఉన్నాడు. బొబ్బిలిలో మా అత్తగారు ఫోను చేస్తే మనుమరాలు ఇప్పటికే సగం హిందీలో జవాబిస్తున్నది. ఫీజు, జుర్మానా, మతం అన్నీ చర్చించిన ఆ ఇంట్లో ఈ మాట అంతవరకు ఎవరూ ఎత్తలేదు.

రాత్రి భోజనాలయ్యాక మా అభిప్రాయం అడిగారు. ఒక ముక్క కోసి పరీక్షించి హీటు మొత్తానికి తీర్పు చెప్పడం మా ప్రయోగశాలలో ఒప్పుకోము. రెండు రోజుల్లో అయిదారుగురిని విని బడికి తీర్పు చెప్పడమూ అంతే. చేర్పించమనే చెప్పాము. ఆ గేటు ఆటో అతని పాపకు మూసి ఉండడం మనసులో గుచ్చుకుంటూనే చెప్పాము. తెలుగు సంగతి బడి చూసుకోదు, సాయంత్రం గంటసేపు ఇంట్లో మీరే చూసుకోవాలి అన్నాము. “ఆ గంట ఎక్కడుంది అన్నయ్యగారూ, ట్యూషన్లే సరిపోతాయి” అన్నది చెల్లెమ్మ. ఆమె మాటా అబద్ధం కాదు.

దరఖాస్తు మరునాడు పూర్తిచేశారు. మాతృభాష అన్న గడి వద్ద బావమరిది కలం ఆపాడు. హిందీ అని వ్రాస్తే సీటుకు మేలని ఎవరో చెప్పారట. పాప వచ్చి, “మామయ్యా, మనది తెలుగే కదా?” అని మమ్మల్ని అడిగి, కాగితం లాక్కుని తానే వ్రాసింది, దేవనాగరి అక్షరాలలో.

విశాఖ చేరిన వారానికి మా శ్రీమతి పెద్దబాలశిక్ష ఒకటి, గీతల పుస్తకాలు నాలుగు కొని తపాలాలో పంపింది. అందినట్లు చెల్లెమ్మ ఫోనులో చెప్పింది. గంట దొరికినదీ లేనిదీ మేము అడగలేదు.