పరాయి ఊరి ఆటకి మూడో టిక్కెట్టు

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళని మన బరంపురంలో అందరూ అడిగే మొదటి ప్రశ్న, నయాగరా చూశారా అని. చూడలేదు. మా అబ్బాయి ఉండేది నెబ్రాస్కా రాష్ట్రంలో ఒమాహా అనే ఊళ్ళో. దేశానికి సరిగ్గా నడిబొడ్డు. నయాగరా అక్కడికి ఎంత దూరమో, మనకి కాశ్మీరం అంత దూరం. నేను సెలవు పెట్టి వెళ్ళిన మూడు వారాల్లో చూసినదల్లా మొక్కజొన్న కోసేసిన చేలు, ఒక పెద్ద నది, ఇంకా ఒక ఫుట్‌బాల్ ఆట. ఆ ఆట చూడటం కన్నా దానికి టిక్కెట్లు సంపాదించడమే పెద్ద కథ. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. అమెరికా వాళ్ళు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. దీన్ని కాలేజీ కుర్రాళ్ళు ఆడతారు. కాలేజీ ఆట అంటే మన ఖల్లికోట్ కాలేజీ మైదానంలో గట్టు మీద కూర్చుని వేరుశనగకాయలు తింటూ చూసే ఆట అనుకున్నాను. లింకన్‌లో ఉన్న నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వారి స్టేడియంలో ఎనభై అయిదు వేల మంది పడతారు. 1962 నవంబరు నుంచి అక్కడ ఒక్క ఆటకి కూడా టిక్కెట్లు మిగల్లేదని లెక్క. ఆట ఉన్న శనివారం ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు అవుతుందని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ జట్టు పేరు కార్న్‌హస్కర్స్, అంటే మొక్కజొన్న పొత్తుల తొక్క ఒలిచేవాళ్ళని అర్థం. ఇంత వినయమైన పేరు పెట్టుకున్న జట్టుని నేను ఇంకెక్కడా చూడలేదు.

మావాడు లింకన్‌లో ఎమ్మెస్ చదివి, ఒమాహాలో ఉద్యోగంలో చేరి, మొదటి జీతాల్లోంచే సీజను టిక్కెట్లు రెండు కొన్నాడు. సొంత ఊరి ఆటలకి అవి చాలు. పొరుగూరి ఆట, వాళ్ళ భాషలో ఎవే గేమ్, వేరే సంగతి. అక్కడ ఆతిథ్యం ఇచ్చే విశ్వవిద్యాలయం, వచ్చే జట్టు తాలూకు జనానికి కొన్ని సీట్లు మాత్రమే విడిచిపెడుతుంది. వాళ్ళున్న బిగ్ టెన్ కూటమిలో మామూలుగా మూడు వేలకు అటూ ఇటూ. అందులో ఆటగాళ్ళ కుటుంబాలకీ, బాండు మేళానికీ ముందు తీయాలి. మిగిలినవాటిని విశ్వవిద్యాలయం క్రీడల విభాగం దరఖాస్తు పెట్టుకున్న సీజను టిక్కెట్టుదార్లకి పంచుతుంది. ఎవరికి ముందు అన్నది పాయింట్లని బట్టి. ఎన్నేళ్ళుగా టిక్కెట్లు కొంటున్నారు, ఎంత విరాళం ఇచ్చారు అన్నది కలిపి ఆ పాయింట్లు వస్తాయి.

ఇది వినగానే నాలోని బ్యాంకు ఆఫీసరు లేచి కూర్చున్నాడు. "అంటే పాత ఖాతాదారుకి ముందు లోను, కొత్తవాడికి తర్వాత. అంతేనా?" అన్నాను.

"అంతే నాన్నా. నా ఖాతాకి వయసు చాలదు" అన్నాడు వాడు. నాలుగేళ్ళుగా దరఖాస్తు పెడుతున్నాడట. డబ్బు వెనక్కి వచ్చేస్తుంది, టిక్కెట్టు రాదు.

నాకు 1987 జనవరి గుర్తొచ్చింది. బీకాం చదివే రోజుల్లో కటకం బారాబతి స్టేడియంలో శ్రీలంకతో టెస్టు మాచి. నేనూ, మరో ఇద్దరు స్నేహితులూ రాత్రి రైలెక్కి, చిలకసరస్సు దాటేవరకూ నిలబడే ప్రయాణం చేసి, తెల్లారకుండా వరసలో నిలబడ్డాం. కపిల్‌దేవ్ మూడు వందల వికెట్లు పూర్తి చేసినది ఆ మాచిలోనే. మా కొద్దిపాటి డబ్బుకి దొరికిన సీటు నుంచి బంతి కనపడలేదు గాని, జనం లేవడం కనపడింది. అప్పుడు పాయింట్లు ఉండేవి కావు. మోచేతుల బలమే పాయింట్లు.

సరే, 2024 నవంబరు 29, శుక్రవారం. థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు. నెబ్రాస్కా జట్టు పక్క రాష్ట్రమైన అయోవాతో, వాళ్ళ ఊరు అయోవా సిటీలో ఆడాలి. 2011లో నెబ్రాస్కా ఆ కూటమిలో చేరినప్పటి నుంచీ ఇది ఇరుగుపొరుగు పంతంగా మారింది. రెండూ మొక్కజొన్న రాష్ట్రాలే. మనకీ విజయనగరం వాళ్ళకీ వంకాయకూర విషయంలో ఉన్నంత తేడా కూడా వాళ్ళ మధ్య నాకు కనపడలేదు. కాని ఆ మాట పైకి అనకూడదని మావాడు ముందే హెచ్చరించాడు.

మేం వచ్చే తేదీలు తెలిసిన రోజు నుంచీ వాడికి ఒకటే పట్టుదల, ఈ ఆట మాకు చూపించాలని. మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. మళ్ళీ రాలేదు. ఆ సంగతి ఆఫీసులో భోజనం దగ్గర చెబితే, ముప్పై ఏళ్ళకి పైగా సీజను టిక్కెట్లున్న ఒక పెద్దాయన తన కోటా రెండు టిక్కెట్లూ ఇస్తానన్నాడట. ఆయన భార్యకి మోకాలి ఆపరేషను అయింది, ఆ ఏడు వెళ్ళడం లేదు. బజార్లో ఆ టిక్కెట్లు అంతకు రెట్టింపు పలుకుతున్నాయి. ఆయన అసలు ధర మీద ఒక్క సెంటు కూడా ఎక్కువ పుచ్చుకోలేదు. ఒకే ఒక్క షరతు పెట్టాడు, ఎట్టి పరిస్థితిలోనూ వాటిని అయోవా వాళ్ళకి అమ్మకూడదు.

ఈ షరతు వెనక ఒక పాత కథ ఉంది. 2000 సెప్టెంబరులో నెబ్రాస్కా జట్టు ఇండియానాలో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయం మీదకి ఆడటానికి వెళ్ళింది. వీళ్ళకి ఇచ్చిన కోటా కాస్తే. కాని నోటర్‌డేమ్ సీజను టిక్కెట్టుదార్లు మంచి ధర వస్తోంది కదా అని తమవి అమ్ముకున్నారు. ఆట మొదలయ్యే వేళకి ఆ స్టేడియంలో వేలకి వేలు ఎర్రచొక్కాలు. సొంత ఊళ్ళో తామే పరాయివాళ్ళం అయిపోయామని నోటర్‌డేమ్ వాళ్ళు తలలు పట్టుకున్నారు. అదనపు సమయంలో 27-24తో నెబ్రాస్కా గెలిచింది కూడా. అందుకే పెద్దాయన దృష్టిలో టిక్కెట్టు అమ్మడమంటే ఇంటి తలుపు తీసి ఇవ్వడం లాంటిది.

ఇప్పుడు చిక్కల్లా ఒకటే. టిక్కెట్లు రెండు, మనుషులం ముగ్గురం.

మూడోది ఇంటర్నెట్టులో పాత టిక్కెట్లు అమ్మే ఒక సంస్థలో కొనాలి. వారం రోజులు నేనే కూర్చుని షేరు మార్కెట్టు చూసినట్టు చూశాను. పొద్దున్న ఒక ధర, రాత్రి ఒక ధర. చలి బాగా ఉంటుందని వాతావరణం వాళ్ళు చెప్పగానే కొంత దిగింది. ఆఖరి రోజుదాకా ఆగితే ఇంకా దిగుతుందని నా వాదన, ఆగితే అసలు దొరకదని మావాడి భయం. చివరికి బుధవారం రాత్రి 84 డాలర్లన్నది కనిపిస్తే సరే అన్నాను. పేరూ, చిరునామా, కార్డు నంబరూ అన్నీ కొట్టించుకుని, ఆఖరి పేజీలో 109 చూపించింది. సేవా రుసుమట. మన డబ్బుల్లో తొమ్మిది వేల పైచిలుకు. మా బ్యాంకులో ఇలా చివర్లో చార్జీ బయటపెడితే ఖాతాదారు కౌంటరు ఎక్కి కూర్చుంటాడు. 2025 మే 12 నుంచి అక్కడి ప్రభుత్వం, రుసుములన్నీ కలిపిన మొత్తం ధర మొదటే చూపాలని నియమం తెచ్చింది. మాకు మాత్రం ఆర్నెల్లు ఆలస్యమైంది.

పైగా ఆ సీటు ఎర్రచొక్కాల మూలలో కాదు, మైదానం అవతలి వైపు, నలుపూ పసుపూ అయోవా జనం మధ్య.

"నేను అక్కడ కూర్చుంటాలే, మీరిద్దరూ ఒకచోట కూర్చోండి" అన్నాడు అబ్బాయి. మా ఆవిడ ఒప్పుకోలేదు. "నాకు ఆట ఏటి తెలుస్తుంది? ఎక్కడ కూర్చున్నా ఒకటే. తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్ళయింది?" అంది. లెక్క వేస్తే, వాడు ఇంజనీరింగుకని ఇల్లు విడిచినప్పటి నుంచీ అలా రెండు మూడు గంటలు కూర్చున్నది రైల్లోనే, అదీ వాడిని దింపడానికి వెళ్ళినప్పుడు.

ఒమాహా నుంచి అయోవా సిటీ నాలుగు వందల కిలోమీటర్లకి కాస్త తక్కువ. రోడ్డు నిఠారుగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. దోవ పొడుగునా కోసిన చేలే. స్టేడియం చుట్టూ కార్ల వెనక తలుపులు ఎత్తిపెట్టి జనం పొయ్యిలు వెలిగించి వంటలు. మేమూ పులిహోర డబ్బా తీశాం. ఎర్ర స్వెట్టర్లు చూసి పక్క కారువాళ్ళు ఏదో ఎగతాళి చేశారు, వెంటనే కాగితపు గ్లాసుల్లో వేడి వేడి కోకో ఇచ్చారు. పులిహోర రుచి చూసి నిమ్మకాయా అని అడిగారు. చింతపండు అని చెప్పడానికి మావాడికి పది నిమిషాలు పట్టింది.

ఆ స్టేడియం పేరు కిన్నిక్. నైల్ కిన్నిక్ అనే అయోవా విద్యార్థి 1939లో దేశంలో ఉత్తమ ఆటగాడి బహుమతి, హైస్మన్ ట్రోఫీ, గెలిచాడు. నాలుగేళ్ళకే యుద్ధకాలపు నౌకాదళ శిక్షణలో విమానం సముద్రంలో పడి పోయాడు. పాతికేళ్ళు నిండలేదు. 1972లో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. బయట ఆయన విగ్రహం ఉంది. లోపల అతిథి జట్టు దుస్తులు మార్చుకునే గదికి గులాబీరంగు వేయించారట, పరాయివాళ్ళకి పౌరుషం చల్లబడుతుందని ఒక పాత కోచ్ నమ్మకం.

గేటు దగ్గర మా ఆవిడ చేతిసంచీ ఆపేశారు. లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ సంచీ అయితేనే రానిస్తారు. బీపీ మాత్రలు నా జేబులోకి వచ్చాయి, సంచీ కారులోకి వెళ్ళింది. కాగితం టిక్కెట్టు ఎక్కడా లేదు, అంతా ఫోనులోనే. ఆవిడ ఫోనులో టిక్కెట్టు తెరిచి చేతికిచ్చి, ఆ గేటులోకి ఒక్కర్తినీ పంపించాం. అరవై తొమ్మిది వేల మందిలో, ఎర్ర శాలువా కప్పుకుని, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన మనిషి. నాకు గుండె కొట్టుకుంది. మావాడు నాకన్నా ఎక్కువ బెంగపడ్డాడు, ప్రతి అయిదు నిమిషాలకీ ఫోను.

మా మూల చిన్నది. ఆ నల్లటి సముద్రంలో ఒక ఎర్ర గుడ్డముక్క పడినట్టు. చుట్టూ వేల గొంతులు ఒక పక్క, మా గొంతులు ఒక పక్క. తెలియనివాళ్ళు కూడా భుజాలు పట్టుకుని అరుస్తున్నారు. సొంత స్టేడియంలో ఇంత దగ్గరగా ఉండరని మావాడు అన్నాడు. బరంపురంలో పుట్టి పెరిగిన నాకు అది చెప్పక్కర్లేదు. మన సమాజంలో ఉగాది నాడు ముప్పై కుటుంబాలు కూడితే వచ్చే సందడి, విశాఖపట్నంలో మూడు వందల మంది కూడినా నాకు కనపడలేదు.

మొదటి పావుభాగం ఆట అయ్యింది. అప్పుడు అందరూ లేచి, మైదానానికి వీపు తిప్పారు. ఏదో గొడవ అనుకున్నాను. స్టేడియం పక్కనే ఎత్తయిన పిల్లల ఆసుపత్రి ఉంది. పై అంతస్తుల కిటికీల నుంచి లోపలి పిల్లలు ఆట చూస్తారట. 2017లో ఒక అభిమాని చేసిన సూచనతో, మొదటి పావు ముగియగానే స్టేడియం మొత్తం ఆ పిల్లలకి చేతులూపడం ఆనవాయితీ అయింది. రాత్రి ఆట కాబట్టి అందరూ ఫోను దీపాలు వెలిగించి ఊపుతున్నారు. ఎరుపూ నలుపూ తేడా లేదు. అటు కిటికీల్లోంచి చిన్న చిన్న వెలుగులు ఊగాయి.

మావాడికి నాలుగో ఏట న్యుమోనియా వచ్చి పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బ్యాంకు మూసి నేను వచ్చేసరికి చూసే వేళ దాటిపోయేది. పైకి రానిచ్చేవారు కారు. రోడ్డవతల నిలబడి చెయ్యి ఊపేవాణ్ణి, వాళ్ళమ్మ వాణ్ణి కిటికీ దగ్గర ఎత్తి పట్టుకునేది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. వాడికి గుర్తుంటుందని కూడా అనుకోలేదు.

చెయ్యి ఊపుతూనే, నా వైపు చూడకుండా వాడు అన్నాడు: "నువ్వు చింతచెట్టు కింద నిలబడేవాడివి కదా నాన్నా."

నేను అవునన్నాను. అంతకన్నా మాట రాలేదు.

ఆట గురించి ఎక్కువ చెప్పను. సగం అయ్యేసరికి మనవాళ్ళు, చూశారా మనవాళ్ళు అనేస్తున్నాను, 10-0తో ముందున్నారు. తర్వాత వాళ్ళు సమం చేశారు. ఆఖరి క్షణాల్లో మన కుర్రాడి చేతిలోంచి బంతి జారింది. అయోవా కుర్రాడు 53 గజాల దూరం నుంచి తన్నాడు. 13-10. అంతకు ముందు ఏడు లింకన్‌లోనూ ఆఖరి తన్నుతోనే, అదే 13-10తో ఓడారట. మా మూలలో ఒక ముసలాయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు, అంతే.

గేటు బయట మా ఆవిడ దొరికింది. ఒంటి మీద పసుపూ నలుపూ గళ్ళ దుప్పటి. పక్క సీటు ముసలమ్మ, చలికి వణకడం చూసి తనది సగం కప్పిందట, వెళ్ళేటప్పుడు మొత్తం ఇచ్చేసిందట. ఆవిడ మనవడు ఒకప్పుడు ఆ పై అంతస్తులోనే ఉండేవాడట. ఇదంతా ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఓడిపోయారు గావాల" అంది కారెక్కుతూ.

దుప్పటి బరంపురం తెచ్చుకున్నాం. ఇక్కడి చలికి దాని అవసరం లేదు, అయినా మంచం కాళ్ళ వైపు మడతపెట్టి ఉంటుంది. కిందటి వేసవిలో మావాడు ఫోను చేసి, వచ్చే పొరుగూరి ఆటకి దరఖాస్తు పంపానన్నాడు. ఎన్ని టిక్కెట్లు అని రాశావని అడిగాను. మూడు అన్నాడు.