అడిగి తెచ్చుకున్న పుస్తకాలు

మా చిన్నప్పుడు తిరువూరులో పుస్తకం కొనాలంటే విజయవాడ బస్సెక్కాల్సిందే. రెండు గంటల ప్రయాణం, ఏలూరు రోడ్డు ఎండలో తిరుగుడు, తీరా చూస్తే జేబులో డబ్బు ఒక్క నవలకే సరి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా ఇచ్చి వచ్చారట. మాది మెట్ట. ఆ పడవ మా దాకా వచ్చే వీలే లేదు. మాకు దిక్కు స్నేహితుల ఇళ్ళే.

వాటిల్లోనూ బైండు పుస్తకాల దర్జా వేరు. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం జాగ్రత్తగా విడదీసి దాచి, కథ ముగిశాక దొంతి పేర్చి, దబ్బనంతో పొడిచి ట్వైను దారంతో కుట్టేవాళ్ళు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపి, పాత క్యాలెండరు అట్ట అంటించేవాళ్ళు. అట్ట మీద పేరు ఇంకు పెన్నుతో. పేజీ వెనక ఇంకేదో కథ తోక, సగం తెగిన కార్టూను, ఎప్పుడో గడిచిపోయిన వారఫలాలు. వాటినీ వదలకుండా చదివేవాళ్ళం.

ఈ పుస్తకం పోతే పోయినట్టే. బజారులో దొరికేది కాదు. అందుకే ఇచ్చేవాళ్ళు నోట్‌బుక్కులో పేరు రాసుకుని, అన్నం తింటూ చదవొద్దని మరీ మరీ చెప్పి ఇచ్చేవాళ్ళు. పుస్తకాన్నీ డబ్బునీ ఆడవాళ్ళనీ ఒకే గాటన కట్టి, పరాయి చేతికి పోతే తిరిగి రావని చెప్పే సంస్కృత శ్లోకం ఒకటుంది. అది రాసినాయన మా వీధి ఆడవాళ్ళకి పుస్తకం బాకీ పడి ఉండడు. పేరంటంలో నలుగురి ముందు అడిగేసేవాళ్ళు మరి.

నేను పిన్నిగారని పిలిచే నా స్నేహితుడి అమ్మగారి దగ్గర అలాంటివి ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. ఒక సీరియల్లో ఒక వారం లేదు. ఏజెంటు దగ్గర కాపీలు అయిపోయాయి. పిన్నిగారు ఆ వారం పొరుగింట్లో చదివి ఇచ్చేశారు. "అక్కడిదాకా వచ్చాక నా దగ్గరికి రా నాయనా, ఆ వారం నేను చెబుతా" అన్నారు. వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, ఆ వారం కథంతా మాటలతో సహా చెప్పారు. ఆ పుస్తకం తీసుకెళ్ళిన ప్రతివాళ్ళూ ఆ అరుగు మీద కాసేపు కూర్చోవలసిందే.

చాలా ఏళ్ళకి, ఇక్కడ మిషిగన్‌లో, ఆ నవల మళ్ళీ చదవాలనిపించింది. మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడిగితే, వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ నుంచి తెప్పించి ఇచ్చారు. అణా ఖర్చు లేదు. తెలుగు నవలకి ఇక్కడేం పనంటారా? అమెరికా నుంచి వచ్చిన పి.ఎల్. 480 గోధుమల్ని మన పెద్దవాళ్ళు మరిచిపోలేదు. ఆ గోధుమలకి మనం రూపాయల్లో కట్టిన సొమ్ములో కొంత పెట్టి, 1962 నుంచి ఢిల్లీలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కార్యాలయం మన భాషల పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీలకి పంపించింది. అలా మన నవలలూ బోలెడు ఓడెక్కాయి. మనం తిన్న పూరీల బాకీలో కొంత ఇలా తీరిందన్నమాట!

ఆ నవల్లో నేను ముందు వెతికింది పిన్నిగారు చెప్పిన వారమే. అంతా ఆవిడ చెప్పినట్టే ఉంది, ఒక్క ఉత్తరం తప్ప. మేమంతా అసహ్యించుకున్న బావ తన తప్పు ఒప్పుకుంటూ రెండు పేజీల ఉత్తరం రాశాడు. ఆవిడ ఆ ముక్కే ఎత్తలేదు.

ఇప్పుడు తిరువూరుకి కొరియర్ వాడు కావలసిన పుస్తకం ఇంటికి తెచ్చి ఇస్తున్నాడు. ఒకరినొకరు అడిగే పని తప్పింది. ఎరువు పుస్తకాల చలామణీ అంతా ఇప్పుడు మా దగ్గరే. ఇక్కడి డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్బు 1998 నుంచీ తెలుగు పుస్తకాలు చదివి చర్చించుకుంటోంది. మా మిత్రుల్లో ఒకరి దగ్గర ఉన్న కాపీ నలుగురి చేతులు మారాల్సిందే. కారులో యాభై మైళ్ళు వెళ్ళి నవల తెచ్చుకున్నవాళ్ళున్నారు, భోజనం చేసి మరీ వస్తారనుకోండి. దూరాన ఉన్నవాళ్ళకి మీడియా మెయిల్లో వేస్తాం. పుస్తకాలకని పోస్టాఫీసు పెట్టిన చవక రేటు అది. తిరిగి రావడానికి మాత్రం ఏ రేటూ పనిచెయ్యదు.

మొన్న ఆ స్నేహితుడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, అమ్మ ట్రంకుపెట్టె నువ్వు పట్టుకెళ్ళరా. ఇక్కడ చూసేవాడు లేడు." వాడు ఫోన్ ఆవిడకి ఇచ్చాడు. బావ ఉత్తరం సంగతి అడిగాను.

"గుర్తుందయ్యా. ఆ ఉత్తరం చెబితే నీకు వాడి మీద జాలేసేది. మిగతా కథ ఏం రుచిస్తుంది?"

మా అమ్మ వచ్చే వేసవిలో వస్తోంది. సూట్‌కేసుకి 23 కిలోలు. ఆవకాయలో రెండు కిలోలు తగ్గించడానికి బేరం సాగుతోంది, ఇంకా తెగలేదు. బైండు పుస్తకాలకి ఇక్కడ అప్పుడే పేర్లు రాయించుకున్నారు. లేని వారం పేజీలు జిరాక్స్ తీసి అతికిస్తే సరిపోదా అన్నారొకరు. ఒప్పుకోలేదు. అక్కడికి వచ్చాక నాకు ఫోన్ చెయ్యమన్నాను. బావ ఉత్తరం ఊసెత్తకుండా పిన్నిగారు చెప్పినట్టే చెబుతాను.