అద్దం ఆపేసే ఎండ

సైబరాబాద్ ఫ్లాట్ల నుంచి పరీక్షకు వచ్చే బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లుల్లో ఒకే రకం లక్షణాలు పదే పదే కనిపిస్తాయి. దవడ నొక్కితే రబ్బరులా వంగుతుంది, వేళ్లు అదురుతుంటాయి, వెనక కాళ్లు ఒంటిని మోయలేవు. తెచ్చినవాళ్లు అశ్రద్ధ చేసినవాళ్లేమీ కారు. గచ్చిబౌలిలోనో కొండాపూర్‌లోనో హాల్లో ఖరీదైన గాజు తొట్టి పెట్టి, వేళకు పురుగులు వేసి, వెలుతురు బాగా పడుతుందని కిటికీ పక్కన చోటు చూసి మరీ ఉంచినవాళ్లు. చిక్కంతా ఆ కిటికీ దగ్గరే ఉంది. ఈ జబ్బును మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటాం. చాలామంది దీన్ని తిండిలోపం అనుకుంటారు. తిండి పాత్ర ఉంది, కాదనను. కానీ ఈ అద్దాల మేడల్లో ఇది ముందుగా ఇంటివల్ల వచ్చే జబ్బని నా నమ్మకం.

ఈ జీవి పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి ఎడారి నేలలు. వంశం చూస్తే మన తొండకు చుట్టమే, రెండూ అగామిడే కుటుంబానివి. కంచె మీద తొండ ఎండకు ఒళ్లప్పగించి కూర్చోవడం మనందరం చూసిందే. ఆ కూర్చోవడంలో ఒంటికి వేడి పడుతుంది, చర్మంలో విటమిన్ డి3 తయారవుతుంది. ఈ రెండో పనికి సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల యూవీబీ కిరణాలు కావాలి. మామూలు కిటికీ అద్దం వెలుతురును రానిచ్చి, ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కంటికి ఎండే, చర్మానికి మాత్రం చీకటి. (అదే అద్దం వెనక రోజంతా పనిచేసే యజమానికీ ఇంతే.) డి3 లేకపోతే పేగు కాల్షియాన్ని సరిగా తీసుకోలేదు. గుండెకూ కండరాలకూ కాల్షియం తప్పదు గనుక పారాథైరాయిడ్ హార్మోను దాన్ని ఎముకల్లోంచి తోడుతుంది. అందుకే “బాగానే తింటోంది, చురుగ్గానే ఉంది” అన్నమాటతో నాకు నిశ్చింత కలగదు. ఎముకలో ఖనిజం చాలా భాగం కరిగితేగానీ ఎక్స్‌రేలో కూడా తేడా తెలియదు.

కాల్షియం పొడి, డి3 చుక్కలు వేస్తే చాలదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చిమ్మెట్లలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ కాబట్టి పొడి అద్ది వేయాల్సిందే. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి గనుక దాన్ని రోజూ పెట్టకూడదు. అయితే 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు పిల్ల డ్రాగన్లపై చేసిన అధ్యయనంలో, యూవీబీ పడినవాటి రక్తంలో చేరిన డి3 స్థాయి నోటిద్వారా ఇచ్చినవాటిలో రాలేదు. పైగా చుక్కల మోతాదు మించితే విషం. ఎండ విషయంలో ఆ భయం లేదు, కావలసినంత తయారయ్యాక చర్మం తానే ఆగుతుంది.

మన హైదరాబాద్‌కు ఎండ కరువా అంటారు. కాదు, బయట ఇంత ఎండ ఉండీ ఈ జబ్బు రావడమే నా వాదనకు బలం. కానీ తొట్టిని తొట్టిగానే బాల్కనీలో పెడితే గాజులో వేడి పేరుకుని నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. సగం నీడ ఉన్న జాలీ పంజరంలో, కాకులూ గద్దలూ రాకుండా మనిషి కాపలాతో ఉంచాలి. లేత ఎండ మంచిదన్న మాట కూడా ఇక్కడ పనికిరాదు, సూర్యుడు బాగా కింద ఉన్నప్పుడు యూవీబీ చాలా తక్కువ. పొద్దెక్కాక వచ్చే ఎండే కావాలి, మేలో ఆ వేళ వడగాలి ముంచుకొస్తుంది. కాబట్టి ఏడాది పొడవునా బాల్కనీని నమ్ముకోలేం, తొట్టిలోనే యూవీబీ ట్యూబు ఉండాలి. దాంతోపాటు ఒకమూల 40 డిగ్రీల దాకా వేడి, ఇంకోమూల 25 దగ్గర చల్లదనం. ఏసీ గది చల్లదనంలో వేడి దీపం లేకపోతే తిన్నది అరగక పేగులో నిలిచిపోతుంది. అమెరికా వేళల్లో పనిచేసే ఇళ్లలో రాత్రంతా లైట్లు వెలగడం మరో సమస్య. దీపాలను యజమాని షిఫ్టుకు కాక టైమరుకు అప్పగించి పన్నెండు గంటల పగలు, పన్నెండు గంటల చీకటి ఇవ్వాలి. ఇక ట్యూబు సంగతి. అది కంటికి వెలుగుతూనే ఉంటుంది, లోపల యూవీబీ నెలనెలా తగ్గుతూ పోతుంది. రకాన్ని బట్టి ఆరునెలలకో ఏడాదికో మార్చాలి. అందుకే అమర్చిన తేదీని దాని చివర పెన్నుతో రాసి పెట్టమంటాను.