పందొమ్మిదేళ్ళ పెద్దలు

జపాను భాషలో ‘చోరో’ అంటే పెద్ద, వయోవృద్ధుడు. తల నెరసి, నలుగురికీ మంచిచెడ్డలు చెప్పదగినవారికి చెల్లే మాట అది. 2006 వసంతంలో యొకొహామాలో మా మేడమీది వాటాలో దిగిన ఇద్దరు కుర్రవాళ్ళ చొక్కా జేబుల మీద, నల్లని పేరుబిళ్ళలపై తెల్లని అక్షరాలతో ఆ మాటే ఉండేది. ఒకరికి 19 నిండి కొద్ది నెలలు, ఇంకొకరికి 20. బుగ్గల మీద మొటిమలింకా మానలేదు. ఇంగ్లీషులోని ‘ఎల్డర్’ అనే బిరుదుకు వారి సంఘం చేసుకున్న జపనీయానువాదమది. వీధిలో ముసలివారు ఆ బిళ్ళను చదివి, ముఖం వంక చూసి, మళ్ళీ బిళ్ళను చదివి, నవ్వు ఆపుకోవడం చాలాసార్లు చూశాను.

వారు మోర్మన్ మిషనరీలు. సంఘం పూర్తి పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’. ‘మోర్మన్’ అన్న మారుపేరును వాడవద్దని 2018లో ఆ సంఘాధ్యక్షుడు రసెల్ నెల్సన్ కోరారు. 2006లో మాత్రం ఆ పిల్లలు తమను తాము అలాగే పరిచయం చేసుకొనేవారు గనుక, ఇక్కడ ఆ మాటే ఉంచుతున్నాను.

నేనప్పటికి రెండేళ్ళుగా అక్కడ ఉద్యోగం చేస్తున్నాను. పలుచని చెక్క గోడలు, చెక్క నేలల రెండంతస్తుల పాత ఇల్లు. పైవాళ్ళు చెంచా జారవిడిచినా కింద వినిపించేది. అందుచేత వారి దినచర్య నాకు కళ్ళకంటే ముందు చెవులకు పరిచయమయింది.

ఉదయం 6:30కు గడియారం మోగేది. వెంటనే దబదబమని చప్పుడు, వ్యాయామం. 8 గంటలకు నిశ్శబ్దం. ఎవరి చదువు వారిది. 9 గంటలకు ఇద్దరూ కలిసి చదువుకొనేవారు. ఆ పిదప జపాను భాష వల్లెవేత. ఒకే వాక్యాన్ని ఇరవైసార్లు పలికే ఆ గొంతు వింటే, నాకు చిన్ననాడు శబ్దమంజరి వల్లించిన వీధి అరుగు గుర్తుకు వచ్చేది. తెల్ల చొక్కాలు, టైలు, శిరస్త్రాణాలతో సైకిళ్ళెక్కి బయలుదేరితే, మళ్ళీ మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించేది రాత్రి 9 గంటలకే. మర్నాటి పనుల పట్టిక రాసుకొని, దినచర్య పుస్తకం నింపి, 10:30కు దీపం ఆర్పేవారు. వానలోనూ అంతే, ఆగస్టు ఉక్కలోనూ అంతే. సోమవారం మాత్రం కొంత ఆటవిడుపు. బట్టలుతుక్కోవడం, కూరలు కొనుక్కోవడం, ఇంటికి ఈమెయిలు రాయడం ఆ పూటే.

ఏ దేశానికి పోవాలో ఎంచుకొనే స్వేచ్ఛ వారికి లేదు. అప్పట్లో దరఖాస్తు పెడితే ఉత్తరం వచ్చేది. అందులో ఏ దేశముంటే ఆ దేశం. వారిలో చిన్నవాడు ఐడహో రాష్ట్రంనుంచి వచ్చాడు. బ్రెజిలు వస్తుందనుకొని కవరు చించితే జపాను వచ్చిందట. యూటాలోని ప్రోవో శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు భాష నేర్పి విమానమెక్కించారు. మగపిల్లలకు రెండేళ్ళు, ఆడపిల్లలకు ఏడాదిన్నర. అప్పట్లో మగపిల్లలకు 19, ఆడపిల్లలకు 21 ఏళ్ళు నిండాలి. 2012 అక్టోబరులో ఆ వయసులను 18, 19కి తగ్గించారు. జీతం లేదు సరికదా, ఖర్చు కూడా తమదే. అప్పట్లో అమెరికానుంచి వచ్చినవారు ఏ దేశంలో ఉన్నా నెలకు 400 డాలర్లు కట్టాలి. 2020 జూలైలో దానిని 500 చేశారు. ఐడహో అబ్బాయి హైస్కూలు వేసవులన్నీ బంగాళాదుంప పొలాల్లో నీటి గొట్టాలు మోసి ఆ డబ్బు కూడబెట్టుకున్నాడు.

సినిమా లేదు, టీవీ లేదు, ప్రేమవ్యవహారాలు లేవు. జోడీని విడిచి ఒంటరిగా వీధి చివరికైనా పోరాదు. ఆ జోడీని ఎంచుకొనేదీ తాము కాదు. ఆరు వారాలకొకసారి బదిలీల కబురు వస్తుంది. ఎవరు ఎవరితో, ఏ ఊళ్ళో ఉండాలో అందులో తేలుతుంది. ముక్కూ మొగమూ ఎరుగని మనిషితో ఇరవైనాలుగు గంటలూ కలిసి బతకడమే అన్నిటికన్నా కష్టమైన నియమమని, తలుపులు తట్టడం దాని తరువాతిదేనని ఐడహో అబ్బాయి ఒకనాడు గొంతు తగ్గించి అన్నాడు. ఆ సమయాన రెండవవాడు పక్కనే నా బియ్యం డబ్బా మీద కూర్చొని నవ్వుతున్నాడు.

తలుపుల సంగతి చెప్పాలి. జపానులో నూటికి ఒక్కరైనా క్రైస్తవులుండడం గగనం. తెలియనివారు గంట నొక్కితే తలుపు తీయరు. గోడకున్న ఇంటర్‌ఫోనులోనుంచి మర్యాదైన గొంతు ఒకటి ‘కెక్కో దెస్’ అంటుంది. ‘బాగానే ఉంది’ అని దాని అర్థం. ‘మాకక్కరలేదు, వెళ్ళిరండి’ అని భావం. మనవాళ్ళ ‘చూద్దాం లెండి’ వంటిది. ఆఫీసులో ‘పరిశీలిస్తాము’ అన్న జవాబు వచ్చిందంటే ఆ పని ఇక జరగదని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. వీరికా పాఠం ఒక్క పూటలో వచ్చింది. తిట్టేవారుంటే సంతోషంగా ఉండేదని, కనీసం ఒక ముఖం కనిపించేదని అనేవాడు ఐడహో అబ్బాయి. వీధులకు వీధులు గంటలు నొక్కి, ఒక్క ముఖమూ చూడకుండా ఇల్లు చేరిన రోజులుండేవి. తలుపుల కంటే వారికి మనుషులను చూపినది ఉచిత ఇంగ్లీషు తరగతి. వారానికొకసారి చర్చిలో పెట్టేవారు. వచ్చేవారికి ఇంగ్లీషు కావాలి, వీరికి వినేవారు కావాలి. ఇరువురికీ అవతలివారి అవసరం తెలుసు.

నిజం చెప్పాలంటే, మొదట్లో వారిపట్ల నాకు బెరుకుండేది. మా ఊళ్ళో మతమార్పిడి వల్ల ఒకే ఇంట అన్నదమ్ములు పండుగపూట ఎడమొగం పెడమొగమైన వైనం నేనెరుగుదును. ఒకరి దేవుడు చాలడని చెప్పడానికి మరొకరు సముద్రాలు దాటి రావడం నాకప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆ మాట మొదటినాడే చెప్పాను. వారు చిన్నబుచ్చుకోలేదు. పుస్తకమొకటి ఇవ్వవచ్చునా అని అడిగారు. చదువుతాను గాని చేరను అన్నాను. ఆ తరువాత మతం మాట వారు ఎత్తలేదు. ఆదివారం సాయంత్రాలు నా వంటింట్లో పప్పు, అన్నం, ఆవకాయ మాత్రం ఎత్తారు. ఆవకాయ తిన్న యూటా అబ్బాయి కళ్ళనీళ్ళతో మరికొంచెం అడిగాడు.

ఈ సంఘం మన వైపుకూ చేరిందని నాకప్పుడు తెలియదు. సమోవాలో ఉంటూ అందులో చేరిన ఎడ్విన్ ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి బంధువులకు బోధించారని, భారతదేశంలో వారి మొదటి ‘స్టేకు’, అంటే అనేక స్థానిక సంఘాల కూడలి, 2012లో హైదరాబాదులోనే ఏర్పడిందని తరువాత చదివాను.

యొకొహామాకు వీరి చరిత్రలో ఒక చోటుందని చెప్పినది ఆ పిల్లలే. 1901 ఆగస్టులో హీబర్ గ్రాంట్ అనే పెద్ద, మరి ముగ్గురితో ఆ రేవులోనే ఓడ దిగాడు. ముగ్గురిలో ఆల్మా టేలర్‌కు అప్పుడే 19 నిండాయి. జపాను భాషలో ఒక్క ముక్క రానివాడు 1910 వరకూ అక్కడే ఉండిపోయి, మోర్మన్ గ్రంథాన్ని జపనీయంలోకి అనువదించి 1909లో అచ్చు వేయించాడు. ఇంత చేసినా, 1924లో ఆ మిషనును మూసివేసేనాటికి చేరినవారు రెండు వందలకు మించలేదు. మళ్ళీ తెరిచినది యుద్ధం ముగిశాక, 1948లో. అంటే మా మేడమీది పిల్లలు మోస్తున్న తిరస్కారం వారి సొంతం కాదు, వారసత్వం. అది తెలిసినందువల్లనే కాబోలు, రాత్రి 9 గంటలకు మెట్లెక్కే అడుగులు బరువుగానే ఉన్నా, ఉదయం దిగే అడుగులు తేలికగా ఉండేవి.

మా ఇంటి యజమానురాలు డెబ్బైయేళ్ళు దాటిన వితంతువు. అందరం ‘ఓయా-సాన్’ అని పిలిచేవాళ్ళం. ఆమె పక్క ఇంట్లోనే ఉండేది. మొదటినాడు ఆ పిల్లలను పిలిచి, లోపల కూర్చోబెట్టి, గ్రీన్ టీ పోసి ఇచ్చింది. మోర్మన్లకు కాఫీ, టీలు నిషిద్ధం. జపానులో అతిథి ముందు పెట్టిన టీని తాకకుండా ఉండడం తగని పని. ఇద్దరూ ఎర్రబడి, వచ్చీరాని భాషలో ఏదో చెప్పుకొన్నారు. ఆమె విని, కప్పులు తీసుకొనిపోయి, ‘ముగిచా’ తెచ్చి పెట్టింది. వేయించిన బార్లీ గింజలను కాచి చల్లార్చిన నీరది. పేరులో టీ ఉన్నదే గాని, తేయాకు ఉండదు. ఆ వేసవి అంతా ఆమె ఫ్రిజ్‌లో వారికోసం ఒక కూజా ముగిచా ఉండేది. మతం మాటెత్తితే మాత్రం ‘కెక్కో దెస్’ అని నవ్వి, వారి వాక్యంలోని తప్పులు దిద్దేది. “చోరో అయితే చోరోలా మాట్లాడాలి” అనేది.

ఇంటికి ఫోను చేయడానికి వారికి ఏడాదికి రెండేసార్లు వీలు: క్రిస్మసు నాడు, మాతృదినోత్సవం నాడు. (2019 ఫిబ్రవరినుంచి వారానికొకసారి మాట్లాడవచ్చునన్నారు.) నేను ప్రతి శనివారం ఫోను కార్డు గీకి అమ్మతో అరగంట మాట్లాడేవాణ్ణి. మీద ఇద్దరు పిల్లలున్నారని తెలిసి కొంచెం గొంతు తగ్గించేవాణ్ణి.

సెప్టెంబరులో ఒక రాత్రి ఐడహో అబ్బాయికి నాయనమ్మ పోయిందని కబురు వచ్చింది. ఆమె చేతిలో పెరిగినవాడు. మిషను అధ్యక్షుడు ఇంటికి ఫోను చేసి మాట్లాడమన్నాడట. మాట్లాడాక, వెళ్ళనని తానే నిర్ణయించుకున్నాడు. మేడమీద ఏడుపు వినిపించలేదు. చాలాసేపు ఒకరే నడుస్తున్న చప్పుడు వినిపించింది. రెండవవాడు నిద్రపోలేదని కూడా ఆ నేలే చెప్పింది. మర్నాడు ఉదయం 6:30కు గడియారం మోగింది. 10 గంటలకు సైకిళ్ళు బయలుదేరాయి.

ఆ సాయంత్రం ఓయా-సాన్ నల్లని దుస్తులు ధరించి, మోకాళ్ళ నొప్పితో ఒక్కొక్క మెట్టే ఎక్కి, పైకి వచ్చింది. చేతిలో తెలుపు నలుపు దారాలు ముడివేసిన కవరు. అది ‘కోదెన్’, చావు జరిగిన ఇంటివారికి ఇచ్చే డబ్బు. శవమూ, కర్మకాండా పసిఫిక్ సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్నాయి. అయినా ఆమె లెక్కలో చావు జరిగిన ఇల్లు అదే. వాకిట్లో నిలబడి, నడుము వంచి, చెప్పవలసిన మాటలు చెప్పి, రెండు చేతులతో కవరు అందించింది. అప్పటిదాకా కన్నీరు పెట్టని కుర్రవాడు అప్పుడు పెట్టాడు. అన్ని గుమ్మాల ముందు నిలబడ్డవాడి గుమ్మం ముందుకు ఆ దేశంలో ఒకరు రావడం అదే మొదలు.

కవరు తీసుకోవచ్చునా అని నన్నడిగాడు. నాకేం తెలుసు? ఆఫీసులో ఒక మిత్రుణ్ణి అడిగి చెప్పాను: తీసుకోకపోవడం అవమానం; కొన్నాళ్ళయ్యాక అందులో సగం విలువ చేసే వస్తువు తిరిగి ఇవ్వడం ఆచారం; ఎక్కువమంది గ్రీన్ టీ ఇస్తారు. టీ అనేసరికి ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఆ సోమవారం బజారుకు పోయి, ఉన్నవాటిలో మేలైన బార్లీ చూసి, ముగిచా పెట్టె కొని, తెల్ల కాగితంలో చుట్టించి తెచ్చారు. ఓయా-సాన్ విప్పి చూసి చాలాసేపు నవ్వింది.

అక్టోబరులో బదిలీ కబురు వచ్చింది. ఐడహో అబ్బాయి రెండు పెట్టెలు, ఒక సైకిలుతో వెళ్ళిపోయాడు. ఆ ఆరు నెలలలో మా వీధినుంచి ఒక్కరూ వారి సంఘంలో చేరలేదు. లెక్క రాసేవారి పుస్తకంలో అది సున్నాయే. ఒకరి విశ్వాసాన్ని మరొకరు మార్చబూనడం మీద నా అభిప్రాయమూ ఇసుమంత మారలేదు. మారినదల్లా ఒక్కటే. వినేవారు లేకపోయినా ఉదయం 6:30కు లేవగల వయసు ఒకటుందని, ఆ వయసును డబ్బుకో, పేరుకో కాక తాను నిజమని నమ్మిన దానికి ఖర్చు పెట్టే పిల్లలున్నారని నమ్మకం కలిగింది. ఆ ఖర్చు వృథా అనడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.

2007 జనవరి 1న వచ్చిన శుభాకాంక్షల కార్డును ఓయా-సాన్ నాకు చూపించింది. వేరే ఊరినుంచి, చేత్తో రాసిన జపనీయం. అక్షరాలు వంకరగా ఉన్నా, వరుస తప్పలేదు. రెండు తప్పులున్నాయని చెప్పి, పెన్సిలుతో దిద్ది, తన భర్త ఫోటో ఉన్న బుద్ధ పీఠం మీద ఆనించి పెట్టింది.