కాల్చని మట్టి గణపతి

చిక్కబళ్ళాపురం 2007లో కోలారు నుంచి విడిపోయి జిల్లా అయింది. బాగేపల్లి, చింతామణి వీధుల్లో మన తెలుగే బాగా వినిపిస్తుంది. చవితి ముందు వెళ్తే గౌరమ్మ, గణపయ్య బొమ్మలు ఆరుతూ కనిపించాయి. చెరువు బంకమట్టితో చేసినవి. ఆవంలో కాల్చరు, గాలికే ఆరాలి. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి పగులుద్ది. అందుకే నీడన పెట్టి తడిగుడ్డ కప్పుతారు, నెర్రెల్లో పలచటి మట్టి పూస్తారు. ముసురు పట్టిందా, బొమ్మ ఆరదు, బేరం పోద్ది.

ప్లాస్టర్ బొమ్మ అయితే అచ్చులో గంటకే గట్టిపడుద్ది. కానీ చెరువులో తొందరగా కరగదు. పెన్నా పుట్టేది అక్కడి నందికొండల్లోనే అయినా, ఏడాది పొడుగునా పారే నది లేదు, చెరువులే ఆధారం. ఈసారి మన కాలనీకి మట్టి గణపతినే తెద్దాం, గీచి బేరమాడకుండా.